కుచేలుని కొంగుముడి

శ్రీమద్భాగవతము దశమస్కంధమునందలి కుచేలోపాఖ్యానము వినని తెలుగు ఇల్లు అరుదు. ద్వారకకు వచ్చిన ఆ పేద విప్రుని శ్రీకృష్ణుడు దూరమునుండియే చూచి, పాన్పు దిగి ఎదురేగి, కౌగిలించుకొని, తన శయ్యపైననే కూర్చుండబెట్టెను. స్వయముగా అతని కాళ్లు కడిగి ఆ జలమును శిరమున చల్లుకొనెను. రుక్మిణీదేవి వింజామర పట్టి నిలిచినది. పిమ్మట స్వామి పాతమాటలు ఎత్తెను. సాందీపని ఆశ్రమమున గురుపత్ని పంపగా కట్టెలకు పోయిన దినము, అకాలమున వచ్చిన గాలివాన, చీకటిలో దారి తప్పి ఒకరి చేయి యొకరు పట్టుకొని రాత్రియంతయు అడవిలో తిరుగుట, తెల్లవారగనే గురువు వెదకికొనుచు వచ్చుట, వీటినన్నిటిని తలచి తలచి చెప్పెను. అంతయు అయిన తరువాతనే, "నాకేమి తెచ్చితివి?" అని అడిగెను. కుచేలుడు సిగ్గుతో తలవంచుకొనెను. కొంగున ముడిచిన అటుకులను స్వామి తానే లాగికొనెను.

పురాణము చెప్పువారు సాధారణముగా ఈ అటుకులవలన లభించిన ఐశ్వర్యమును విస్తరించి వర్ణింతురు. శ్రోతలకును అదియే ప్రియము. కాని స్వామి నడచిన క్రమమును గమనించువారు తక్కువ. మొదట కాళ్లు కడుగుట, తరువాత పాత స్నేహమును తలపించుట, చివరకు కొంగుముడి విప్పుట. కుచేలుడు వచ్చినది అక్కరతోడనే. అయినను నోరు తెరచి అడుగలేకపోయెను. చేతనున్నదానిని సైతము దాచుకొనెను. సిగ్గుచేతనో భయముచేతనో మనుష్యుడు దాచుకొన్న మూటను ఆతని మానమునకు భంగము రాకుండ విప్పించుట మిత్రుని పని. ఆ పనికి ఒక వరుస కలదు. వరుస తప్పినచో ముడి మరింత బిగిసిపోవును.

కృష్ణాతీరపు పల్లె ఒకదానియందు ఇద్దరు మిత్రుల నడుమ జరిగిన కథ యిట్టిదే. ఒకరు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందినవారు. రెండవవాడు రైతు. ఇద్దరును ఒకే బడిలో, ఒకే బల్లపై కూర్చుండి చదువుకొన్నవారు. నలుగురిలో నున్నప్పుడు రైతు ఆయనను "మాస్టారూ" అని పిలుచును; ఇద్దరే అరుగుపై నున్నప్పుడు "ఒరే" అనును. మాస్టారికి భార్య గతించినది. కుమారుడు దూరదేశమున ఉద్యోగము చేయుచున్నాడు. ఇంట కోడలు, ఇద్దరు మనుమలు. ఆయనకు పండ్రెండేండ్లుగా మధుమేహము. మాత్రలు కలవు గాని, వేసికొన్న దినములకంటె మరచిన దినములే ఎక్కువ.

ఒక వైశాఖమాసమున మనుమనికి జ్వరము తగ్గిన మ్రొక్కు తీర్చుకొనుటకై ఆయన వేణుగోపాలస్వామి ఆలయమున నూటయెనిమిది ప్రదక్షిణములు చేసెను. ఉదయమున ఆరంభించినవి మధ్యాహ్నమునకు గాని పూర్తి కాలేదు. ప్రాకారమున పరచినవి నాపరాళ్లు. తక్కినవారు నీడ పట్టున గంతులు వేయుచు నడచుచుండగా మాస్టారు మాత్రము నిశ్చలముగా నామము జపించుచు ఎండలోనే తిరిగెను. చూచినవారు ఆయన భక్తికి చేతులు జోడించిరి. ఇంటికి వచ్చి చూచుకొనగా కుడి అరికాలు నిండ బొబ్బలు. కాని లేశమైనను బాధ లేదు. బాధ లేకపోవుట స్వామి కరుణయే అని ఆయన కన్నులు చెమర్చినవి.

దీర్ఘకాలపు మధుమేహమున పాదములలోని నరములు క్షీణించి స్పర్శ తెలియకుండ పోవును. నిప్పువంటి రాయి తగిలినను, ముల్లు గ్రుచ్చుకొన్నను కాలు చెప్పదు. రక్తప్రసారము తగ్గినందున పుండు త్వరగా మానదు. రక్తమున చక్కెర హెచ్చుగా నుండుటచే చీము సులభముగా పట్టును. నొప్పి లేనందున మనుష్యుడు పుండును లెక్కింపడు, నడచుచునే యుండును, అది లోనికి పోయి ఎముకను అంటును. వేసవిలో గుడిరాళ్లపై కాళ్లు కాలి, ఆ సంగతియే తెలియక ఆసుపత్రులకు చేరు మధుమేహరోగులు మన దేశమున కలరు. మాస్టారి బొబ్బలు చితికినవి. ఆయన పసుపు అద్ది, తీర్థము చల్లి, పంచె కుచ్చెళ్లు పాదములపైకి జార్చి కట్టుకొనసాగెను. జ్యేష్ఠము నడుమకు వచ్చునప్పటికి కర్పూరము, చందనము కూడ అవసరమైనవి.

చందనము వెనుకనున్న వాసనను రైతు అరుగుపై పసిగట్టెను. పశువుల గిట్టల పుండ్లు చూచినవాడగుటచే అతనికి వెంటనే తెలిసినది. మాస్టారు దాచలేక చూపి, "స్వామి ముంగిట కాలిన కాలురా ఇది. ఆయనే మాన్పుతాడు. ఇంట్లో చెప్పకు" అనెను.

రైతు అప్పుడు చేసినది ప్రేమతోనే గాని, తప్పు. మొదట కేకలు వేసెను. మరునాడు మాటమాత్రమైనను చెప్పక పట్టణమునుండి వైద్యుని వెంటబెట్టుకొని వచ్చెను. జపము చేసికొనుచున్న మాస్టారు లేచి తలుపు వేసికొనెను. వచ్చిన వైద్యుడు వీధిలో నిలిచి వెనుదిరిగెను. పదిదినములు ఇద్దరికిని మాటలు లేవు. ఆ పదిదినములు పుండు మాత్రము తన పని తాను చేసికొనుచు పోయినది.

స్వామిపై భారము వేసినవాడు వైద్యుని చెంతకు పోరాదను తలంపు మన గ్రంథములలో ఎచట నున్నదో వెదకిన దొరకదు. అనుశాసనపర్వమున భీష్ముడు ధర్మరాజునకు ఉపదేశించిన విష్ణుసహస్రనామములలో వైద్యుడు, ఔషధము, భేషజము, భిషక్కు అను నామములు కలవు. మాస్టారు వానిని నిత్యము పఠించువారే. మందును, మందిచ్చువానిని కూడ తన పేర్లుగా ధరించిన దేవుడు మందు పుచ్చుకొన్నవానిపై అలుగునా? రామాయణమును చూతము. రావణుని శక్తిచే లక్ష్మణుడు పడిపోయినపుడు శ్రీరామచంద్రుడు విలపించెను. సుషేణుడను వానరవైద్యుడు నాడిని, ముఖవర్ణమును పరీక్షించువానివలె తమ్ముని లక్షణములు చూచి ప్రాణమున్నదని ధైర్యము చెప్పెను. ఓషధులకై హనుమంతుని పంపెను. హనుమంతుని మించిన రామభక్తుడు లేడు. రామనామము జపించుచు అచటనే కూర్చుండినచో అతనిని తప్పుపట్టువారెవరు? అతడు మాత్రము మూలికను గుర్తింపలేక శిఖరమునే పెకలించి తెచ్చెను. సుషేణుడు ఓషధిని నూరి నాసికయందు వేసెను. పక్కన సాక్షాత్తు నారాయణుడే యుండగా జరిగిన చికిత్స అది.

"ఆయువు మూడితే ఎవరాపగలరు, మూడకపోతే మందెందుకు" అను మాట మన పల్లెలలో వేదవాక్యమువలె చెల్లుచున్నది. ఈ ప్రశ్నను చరకసంహితలో విమానస్థానమున అగ్నివేశుడే గురువైన ఆత్రేయుని అడిగెను. ఆయుస్సు నియతమా, కాదా అని. గురువు దైవమును కాదనలేదు; పురుషకారమును త్రోసివేయలేదు; రెండింటి కూడికవలననే ఆయుస్సు నిలుచునని చెప్పి, బండి ఇరుసును ఉపమానముగా చూపెను. మంచి ఇరుసు సరియైన బరువుతో, సరియైన దారిలో నడచినచో తన కాలమునకు తాను అరిగి విరుగును. అదే ఇరుసు మితిమీరిన బరువుచేతను, గతుకుల దారిచేతను, కందెన లేకపోవుటచేతను నడుమనే విరుగును. నడుమ విరిగినదానిని చూచి ఇరుసు కాలము తీరినదనుట బండివాని తప్పును దైవముపై త్రోయుటయే.

ఆలయమునకును ఆరోగ్యశాలకును వైరమని తలచుటయు నిన్న మొన్నటి మాట. కాకతి రుద్రమదేవి కాలమున, 1261లో, గుంటూరు సీమలోని మల్కాపురమున వేయించిన శాసనమున్నది. మందడము గ్రామమును దానముగా పొందిన విశ్వేశ్వర శివాచార్యులు నెలకొల్పిన ధర్మసంస్థలలో దేవాలయము, మఠము, అన్నసత్రము వీటి సరసన ప్రసూతిశాల, ఆరోగ్యశాల కూడ చెప్పబడినవి. అంతకు పూర్వమే, పదునొకండవ శతాబ్దిలో, వీరరాజేంద్రచోళుని శాసనమొకటి తమిళదేశమున తిరుముక్కూడల్ వేంకటేశ పెరుమాళ్ ఆలయపు గోడపై చెక్కబడినది. ఆ దేవుని సొమ్ముతో నడచిన ఆతురశాలకు పదునైదు పడకలు. ఒక వైద్యుడు, ఒక శస్త్రవైద్యుడు, మూలికలు తెచ్చువారు, పరిచారికలు. కోతకు కత్తి పట్టువానికి కూడ దేవుని ధాన్యమునుండియే జీతము ముట్టెడిది.

ఇవన్నియు సత్యములే. అయినను మాస్టారి అరుగుపై కూర్చుండి వీటిని ఏకరువు పెట్టినచో ఆయన కదలెడివాడు కాదు. ఏలయన ఇవి ఆయన ఎరుగనివి కావు. రామాయణము పిల్లలకు ముప్పదియేండ్లు చెప్పినవాడు. శాస్త్రవాదముతో తెరువబడు తలుపు కాదది. ఆయన నోటనున్న మాట ఒకటి, కొంగున ముడిచినది మరియొకటి.

ఆషాఢమున తొలివానలు పడిన ఒక సాయంకాలము రైతు తిరిగి వచ్చెను. మాస్టారు గుడినుండి బురదలో నడచి వచ్చి అరుగు చేరుచుండెను. రైతు ఏమియు అనలేదు. నూతి వద్దకు పోయి చెంబుతో నీళ్లు తెచ్చి, నేలపై కూర్చుండి ఆయన కాలు పట్టుకొనెను. మాస్టారు వెనుకకు లాగికొనబోయెను. "బురద రా, ఉండు" అని రైతు కడుగసాగెను. కడుగుచు చిన్ననాటి మాటలు ఎత్తెను. బడికి పోవు దారిలో కాలువ పొంగినపుడు ఇద్దరును చేతులు పట్టుకొని దాటుట, మాస్టారి పలక కొట్టుకొనిపోవుట, రైతు తన పలకను సగము దినము ఆయనకిచ్చి తాను ఇసుకలో వ్రాయుట. భాగవతము చదివి ఇట్లు చేసెనని అనరాదు. స్నేహమునకు పుస్తకము అక్కరలేదు.

పాదము శుభ్రపడిన తరువాత పుండు పూర్తిగా కనబడినది. చిటికెనవ్రేలును దాని పక్కవ్రేలును నల్లబారియుండెను. రైతు ఈమారు కేక వేయలేదు. "ఆసుపత్రికి ఎందుకు పోవు?" అనియు అడుగలేదు. "ఏమని భయం రా?" అని మాత్రమే అడిగెను.

చాలసేపటికి మాస్టారు నోరు విప్పెను. ఆయనకు పండ్రెండవ యేట తండ్రికి ఇట్టి పుండే లేచినది. ఆలస్యముగా పట్టణమునకు తీసికొనిపోయిరి. మోకాలి వరకు తీసివేసిరి. ఇంటికి వచ్చిన తండ్రి మరల ఆలయపు గడప ద్రొక్కలేదు. ఈ అరుగుమీదనే గోడకు ఆనుకొని కూర్చుండి, గుడిగంట విన్నప్పుడెల్ల చేతులు జోడించి కన్నీరు కార్చెడివాడు. రెండేండ్లు అట్లు గడచి పోయెను. "నాకు చావు భయం లేదురా. ఈ అరుగు భయం" అనెను మాస్టారు.

నమ్మకమని అందరును అనుకొన్నదాని అడుగున ఉన్నది ఇది. ఆ భయమును పరిహసింపరాదు. స్వామికి దూరమగుదునేమో అను దిగులు దానికి మూలము, అదియు భక్తియే. కాని భక్తి తన్ను తానే మోసగించుకొన్న చోటు కూడ అదియే. తండ్రి కాలు పోయినది వైద్యునివలన కాదు, ఆలస్యమువలన. కుమారుడు వైద్యునికి భయపడి ఆ ఆలస్యమునే మరల చేయుచుండెను. రైతు దీనిని ఒక్క మాటలో చెప్పెను: "కాలు ఉంచడానికేరా తొందర."

అంతటితో ఆగక మరియొక మాట అనెను. "రేపు తెల్లవారేదాకా చూస్తాను. కోడలికి నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. నీ వెనక కాదు, నీ ఎదురుగానే చెప్తాను."

ఇచట ధర్మసంకటమున్నది. భర్తృహరి సన్మిత్రుని లక్షణములు చెప్పుచు, పాపమునుండి మరల్చుట, హితమునందు నిలుపుట, రహస్యమును దాచుట, గుణములను ప్రకటించుట, ఆపదలో విడువకుండుట, సమయమునకు ఇచ్చుట అని యెన్నెను. ఏనుగు లక్ష్మణకవి తెలిగింపు చదివిన ప్రతివానికి ఇది తెలియును. ఇందు దాచవలెననియు ఉన్నది, ఆపదలో విడువరాదనియు ఉన్నది. రెండును ఒకదానికొకటి అడ్డు వచ్చినపుడు ఏది మిగులవలెను? మిత్రుని మానమునకు సంబంధించిన గుట్టు దాచదగినది. మిత్రుని ప్రాణమును తినుచున్న గుట్టు దాచినచో ఆ తినుటలో దాచినవానికిని భాగమున్నది. అయితే చాటున చెప్పుట వేరు, ముందుగా తెలిపి ఎదుట చెప్పుట వేరు. మొదటిది నమ్మకమును చంపును. రైతు మొదటిమారు వైద్యుని చెప్పకుండ తెచ్చి ఆ తప్పు చేసినవాడే, రెండవమారు చేయలేదు. గడువిచ్చెను, కాని దీర్ఘమైన గడువు ఇవ్వలేదు. నల్లబారిన వ్రేలికి ఏకాదశులు, మంచి ముహూర్తములు తెలియవు.

బలవంతముగా మోసికొనిపోయినచో ఏమి? బుద్ధి స్వాధీనముననున్న పెద్దవాడు వలదన్నపుడు ఆతని దేహముపై ఆతనికే అధికారము. కాదనుట స్నేహము కాదు. జ్వరము హెచ్చి మాట తడబడి తెలివి తప్పుచున్నచో అది వేరు సంగతి. అప్పుడు వాదము, గడువు ఏమియు లేవు, 108కి కబురు చేయవలసినదే. ఆ రెండింటి నడుమనున్న దినములలో మిత్రుడు చేయగలది రాకపోకలు మానకుండుటయే. వలదన్నవానిపై కోపగించి పదిదినములు మొగము చాటువేసినచో, ఆతడు మనసు మార్చుకొన్న గడియయందు పక్కన ఎవరును ఉండరు.

మాస్టారు తెల్లవారకుండగనే కోడలిని లేపి చెప్పెను. ఆమె ఏడ్చినది గాని నిందింపలేదు. ఆ ఉదయమే ముగ్గురును పట్టణమునకు బయలుదేరిరి. చరకుడు చికిత్సకు నాలుగు పాదములని చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకుని గుణములలో ఉపచారము తెలియుట, నేర్పు, శుచిత్వములతోపాటు రోగిపై అనురాగమును చేర్చెను. రోగి గుణములలో వైద్యుని మాట వినుటయే కాక, భయము లేకుండుట, తన బాధను చెప్పగలుగుట అనునవి కలవు. ఈ చివరి రెండును మాస్టారికి లేకపోయినవి. పరిచారకుని అనురాగమే వాటిని ఆయనకు తెచ్చి యిచ్చినది. నాలుగు కాళ్ల పీటకు ఒక కాలు పొట్టియైనపుడు ఆ కాలి క్రింద ఎత్తు పెట్టినట్లు.

వైద్యుడు మొదట పుండును ముట్టలేదు. మాస్టారిని కన్నులు మూసికొమ్మని చెప్పి, సన్నని నైలాను పోగును అరికాలిపై ఒక్కొక్కచోట ఆనించుచు, తగిలినపుడు చెప్పుడనెను. మాస్టారు కన్నులు మూసికొని వేచియుండెను. ఎంతసేపటికిని ఏమియు తగులలేదు. "ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడిగెను. పక్కన నిలిచిన రైతు ముఖము త్రిప్పుకొనెను. అప్పటికి పదిచోట్ల తాకించుట అయినది. బాధ లేకపోవుట స్వామి కరుణయని రెండునెలలుగా నమ్మినవానికి అది చిన్న దెబ్బ కాదు. రైతు ఆ సంగతిని అప్పుడును తరువాతను ఎత్తలేదు.

రెండు వ్రేళ్లు తీయవలసివచ్చెను. పాదము దక్కినది. శస్త్రచికిత్సకు ముందు మాస్టారు అడిగినది ఒక్కటే: గుడికి నడువగలనా అని. నడువవచ్చుననియు, కాని ఇకపై వట్టికాళ్లతో కాదనియు వైద్యుడు చెప్పెను. ఇంటిలో సైతము మెత్తని చెప్పులు తప్పవు. ఆలయమున చెప్పులతో అడుగుపెట్టుట యెట్లు? ఈ చిక్కు ఆయనను కోతకంటె ఎక్కువ బాధించినది. అర్చకుడు విని, మందపు గుడ్డతో కుట్టిన మేజోళ్లు గుడికై వేరుగా ఉంచుకొనుమనియు, రాళ్లు కాగకమునుపే ప్రాతఃకాలమున రమ్మనియు చెప్పెను. ప్రదక్షిణములు ఎన్ని అని లెక్క పెట్టవలదనియు అనెను.

ప్రతి సాయంకాలము రైతు అరుగు వద్దకు వచ్చి, దీపము దగ్గరకు జరిపి, మాస్టారి రెండు అరికాళ్లను, వ్రేళ్ల సందులను పరీక్షించును. కాలు చెప్పలేనిది కన్ను చూడవలసియున్నది గదా. మాస్టారు ఆ సమయమున సహస్రనామము చదివికొనుచుండును. రైతు చూపు ఆలస్యమైనచో నామములు ముగిసి ఫలశ్రుతి కూడ ముగియును.

మరుసటి వైశాఖమున ఆలయ ధర్మకర్తలు ప్రాకారము చుట్టును కొబ్బరిపీచు పట్టలు పరపించిరి. ఆ మాట సభలో లేవదీసినది మాస్టారే. పదిగంటలు దాటగనే అవి ఆరిపోకుండ బిందెతో నీళ్లు చల్లు పనిని కూడ ఆయనయే పెట్టుకొనెను. చెప్పులు తొడుగుకొని ప్రాకారము వెలుపలి గట్టుపై నిలిచి, లోపలికి గొట్టముతో నీరు వదలుచు, ఎండలో తిరుగు వృద్ధులను పట్టలమీదికి పిలుచుచుండును. పొలమునుండి వచ్చు రైతు అది చూచి, నలుగురున్నారని కూడ మరచి, "ఒరే, నువ్వు నీడలోకి రా ముందు" అని కేక వేయుచుండును.